వేసవి స్కౌట్ శిబిరం: వారం రోజుల్లో పిల్లలు నిజంగా ఏమి నేర్చుకుంటారు?

బత్తాయితోట (ఏప్రిల్ 26, ఉదయం)

అందరికీ నమస్కారం. మాది నల్లగొండ. మా అబ్బాయికి పన్నెండేళ్లు, ఏడో తరగతి అయిపోయింది. మే 4 నుంచి 10 వరకు స్కౌట్ శిబిరం ఉందని బడి నుంచి కాగితం తెచ్చాడు. ‘ముడులు, లాషింగులు, ప్రథమ చికిత్స, దిక్కుల పరిజ్ఞానం, పాత్రలు లేని వంట, హైకు, క్యాంప్ ఫైర్’ అని ఒక్క వరుసలో రాసి, కింద సంతకం పెట్టమన్నారు. లాషింగ్ అంటే కర్రలను తాడుతో కలిపి బిగించడమట, హైకు అంటే జట్టుగా కాలినడకన వెళ్లి రావడమట, అది వాడు చెప్పిందే. కాగితంలో అంతకు మించి వివరం లేదు.

వాడు ఇంతవరకు తిన్న కంచం తీసిన పాపాన పోలేదు. ఇక ఎండల సంగతి మీకు చెప్పనక్కర్లేదు. మా మామగారు మాత్రం పంపించమంటున్నారు. వెళ్లినవాళ్లు, పంపినవాళ్లు ఉంటే ఈ వారంలో అసలు ఏమి చేయిస్తారో చెప్పండి. కాగితం మీద రాసినవి కాదు, జరిగేవి.

లెక్కకులెక్క (ఏప్రిల్ 26, మధ్యాహ్నం)

మిర్యాలగూడ నుంచి. రెండేళ్ల కిందట మా వాడిని ఒక ప్రైవేటు ‘సాహస శిబిరానికి’ పంపాను. పేరు చెప్పను. ఐదు రోజులకు నేను కట్టిన డబ్బుతో ఇంటికి ఏడాది బియ్యం వచ్చేవి. వాడు తెచ్చినవి ఒక టీషర్టు, ఒక పతకం, పతకంతో దిగిన నలభై ఫొటోలు. తాడు పట్టుకుని వేలాడుతున్న ఫొటో కూడా ఉంది. ఆ తాడు ఎలా కట్టారురా అంటే ‘వాళ్లే కట్టారు నాన్నా’ అన్నాడు.

సంతకం పెట్టే ముందు ఒక్క ప్రశ్న అడగండమ్మా. తాడు ఎవరు కడతారు?

పాతస్కౌట్_పాలమూరు (ఏప్రిల్ 26, సాయంత్రం)

లెక్కకులెక్క గారు అడిగింది సరైన ప్రశ్న. మహబూబ్‌నగర్ జిల్లాలో లెక్కల మాస్టారుగా, స్కౌట్ మాస్టరుగా చేసి రిటైరయ్యాను. నాకు తెలిసినంత చెబుతాను. కొంచెం పెద్దదవుతుంది, ఓపిక పట్టండి.

ముందుగా ఒకటి. భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌లో మెట్లు ఉంటాయి. ప్రవేశ్, తర్వాత ప్రథమ, ద్వితీయ, తృతీయ సోపానాలు, ఆ పైన రాజ్య పురస్కార్, చివరకు రాష్ట్రపతి పురస్కారం. ఒక్కో మెట్టుకు నెలల సాధన కావాలి. ‘వారం శిబిరం, చేతిలో రాష్ట్రపతి అవార్డు’ అని ఎవరైనా అంటే నమ్మకండి. రైల్వేలో స్కౌట్స్ కోటా ఉద్యోగాలున్న మాట నిజమే. ఆ ఆశతోనే చాలామంది తల్లిదండ్రులు సర్టిఫికెట్ ఎప్పుడిస్తారని మొదటిరోజే అడుగుతారు. నాకు ఆ ప్రశ్న వినగానే తలనొప్పి వచ్చేది.

ఇక శిబిరం. పిల్లలను ఆరు నుంచి ఎనిమిది మంది చొప్పున పెట్రోళ్లుగా, అంటే చిన్న జట్లుగా విడగొడతారు. ఒక్కోదానికి ఒక జంతువు పేరో పక్షి పేరో. పెట్రోల్ లీడరు కూడా పిల్లవాడే. నీళ్లు తేవడం, ఊడ్వడం, వండటం, డేరా బిగించడం అన్నీ పెట్రోల్ పని. ఎవరి పని ఏమిటో ఆ లీడరే పంచుతాడు. మాస్టారు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడాలి. చెప్పడం తేలిక, నిలబడటం కష్టం. పిల్లవాడు డేరా తాడు తప్పుగా కడుతుంటే చేయి లాగుతుంది. ఆగాలి. రాత్రి గాలికి డేరా వాడి నెత్తిమీద కూలితే మర్నాడు వాడే సరిగా కడతాడు.

స్కౌటింగ్ మొదలుపెట్టిన బ్రిటిష్ సైనికాధికారి బేడెన్ పవెల్ 1907 ఆగస్టులో ఇంగ్లండులోని బ్రౌన్‌సీ దీవిలో పెట్టిన మొదటి ప్రయోగ శిబిరంలోనూ ఇదే పద్ధతి. ఇరవై మంది పిల్లలు, పెద్ద బడుల పిల్లలూ కూలి కుటుంబాల పిల్లలూ కలిసి, చిన్న చిన్న జట్లుగా. మిగిలినవన్నీ తర్వాత వచ్చి చేరాయి.

ముడుల గురించి రేపు రాస్తాను. కళ్లు లాగుతున్నాయి.

లెక్కకులెక్క (ఏప్రిల్ 26, రాత్రి)

బ్రిటిష్ సైనికాధికారి పెట్టింది మన పిల్లలకు ఎందుకు అని ఇంట్లో పెద్దాయన అడుగుతున్నారు. నేను కాదు.

పాతస్కౌట్_పాలమూరు (ఏప్రిల్ 27, ఉదయం)

పెద్దాయనకు నా నమస్కారాలు చెప్పండి. ఆ రోజుల్లో ఇక్కడి స్కౌటు దళాల్లో భారతీయ పిల్లలను చేర్చుకునేవారు కాదు. అందుకే 1917లో అనీబిసెంట్ మద్రాసులో మన పిల్లల కోసం విడిగా సంఘం పెట్టారు. మదన్‌మోహన్ మాలవీయ, హృదయనాథ్ కుంజ్రూ, శ్రీరాం బాజ్‌పాయి సేవాసమితి స్కౌట్లను నడిపారు. స్వాతంత్ర్యం వచ్చాక వేర్వేరు స్కౌటు సంఘాలు కలిసి 1950 నవంబరు 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అయ్యాయి. రానివ్వని ఇంట్లోకి దూరడం కంటే సొంత ఇల్లు కట్టుకోవడం మేలనుకున్నవాళ్లు వీళ్లు. పెద్దాయనకు నచ్చుతుంది.

ఇప్పుడు ముడులు. మొదట రీఫ్ నాట్. కుడి కొస ఎడమ మీద, తర్వాత ఎడమ కొస కుడి మీద. రెండుసార్లూ ఒకే చేయి మీద వేస్తే అది వేరే ముడి, జారిపోతుంది. రీఫ్ నాట్ పల్చగా పడుకుంటుంది, విప్పడం తేలిక. అందుకే గాయానికి కట్టిన గుడ్డ కొసలు దీంతో ముడివేస్తారు. అంతేగాని బరువు మోసే రెండు తాళ్లను దీంతో కలపకూడదు. ఒకటి లావు, ఒకటి సన్నం అయితే షీట్ బెండ్. గుంజకు తాడు కట్టి పని మొదలుపెట్టడానికి క్లోవ్ హిచ్. మనిషి నడుముకు వేస్తే బిగుసుకోని ఉచ్చు బోలైన్. బావిలో పడ్డవాడిని లాగేటప్పుడు బిగిసే ఉచ్చు వేస్తే నీళ్లు చేయని పని తాడు చేస్తుంది.

ముడి వేయడం వచ్చినంత మాత్రాన పిల్లవాడు పాసైనట్టు కాదు. ఏ ముడి ఎక్కడ పనికిరాదో చెప్పాలి. నేను అదే అడిగేవాణ్ని.

మోకుముస్తాదు (ఏప్రిల్ 27, మధ్యాహ్నం)

మాది మునుగోడు వైపు, మా నాన్న గీత కార్మికుడు. మాస్టారు గారి పోస్టు చదివి నవ్వొచ్చింది. తప్పుగా అనుకోకండి. నవ్వు దేనికంటే, మా నాన్న నలభై ఏళ్లు మోకు మీద ప్రాణం పెట్టి తాటిచెట్టు ఎక్కాడు. ఆయన వేసే ముడికి పేరు లేదు. నేను హైస్కూల్లో స్కౌటుగా చేరి ఇంగ్లిషు పేర్లతో పది ముడులు నేర్చుకుని ఇంటికొచ్చి గొప్పగా చూపిస్తే, ఆరు ఆయనకు ముందే వచ్చు. మిగతా నాలుగు చూసి ‘ఇవి దేనికి?’ అన్నాడు.

దేనికో ఆ పూట చెప్పలేకపోయాను. మాస్టారు అడిగే ప్రశ్న అదేగా.

చెట్టు మీదనుంచి పడిపోయేవాళ్లు మా దగ్గర ప్రతి ఊళ్లో కనిపిస్తారు. 2024లో ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం పేరుతో కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. వాటి వాడకం నేర్పే శిక్షణలో కుర్రవాళ్లు తొందరగా పట్టేశారు, పెద్దవాళ్లకు కొంత సమయం పట్టింది. చిన్న వయసులోనే తాడుతో పరిచయమైన చేయి వేరు. అందుకని బత్తాయితోట అక్కా, ముడుల కోసమైనా పంపండి. కానీ ఊళ్లో ఉన్న తాడు పనివాళ్లలో ఒక్కరినైనా ఆ శిబిరానికి పిలిచి పిల్లలకు చూపించమని నిర్వాహకులను అడగండి. ఎవ్వరూ పిలవరు. మోట తోలినవాడు, మోకు కట్టినవాడు, గుడిసె నేసినవాడు పక్క వాడలోనే ఉంటాడు. పిల్లలు మాత్రం పుస్తకంలో బొమ్మ చూసి కడుతుంటారు.

వార్డుసిస్టర్ (ఏప్రిల్ 27, రాత్రి)

డ్యూటీ దిగి వచ్చాను. నన్ను ఒక శిబిరానికి ప్రథమ చికిత్స చెప్పమని రెండుసార్లు పిలిచారు కాబట్టి రాస్తున్నాను.

ఎండ: మధ్యాహ్నం పదకొండు నుంచి నాలుగు వరకు ఆరుబయట కార్యక్రమం ఉంటే సంతకం పెట్టవద్దు. మంచి శిబిరంలో తెల్లవారుజామున వ్యాయామం, పొద్దున్నే మైదానం పని, మధ్యాహ్నం చెట్టుకిందో గదిలోనో ముడులు, కట్లు, సాయంత్రం ఆటలు ఉంటాయి. పిల్లలకు వాంతులు, విరేచనాలు అయితే లీటరు శుభ్రమైన నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపడం నేర్పుతాం. చెంచా అంటే టీ చెంచా, సమతలంగా. ఒకసారి ఒక పిల్లవాడు గరిటెతో ఉప్పు వేశాడు. నేనే తాగి చూపించాల్సి వచ్చింది. వడదెబ్బకు ఒళ్లు కాలిపోతూ మాట తడబడుతుంటే నీడకు చేర్చి, ఒంటిమీద నీళ్లు చల్లి విసరాలి, 108కి ఫోను చేయాలి. స్పృహ లేనివాడి నోట్లో నీళ్లు పోయకూడదు. ఇది పెద్దలకే తెలియదు.

పాము: ఇక్కడే నాకు కోపం వస్తుంది. ఇప్పటికీ కొన్నిచోట్ల గాటు పెట్టడం, పైన గట్టిగా తాడు బిగించడం నేర్పుతున్నారు. రెండూ తప్పు. నోటితో లాగడం ఇంకా తప్పు. ఉంగరాలు, పట్టీలు తీసేయాలి. విరిగిన ఎముకకు కట్టినట్టు ఆ కాలిని కదలకుండా కట్టాలి. ఎన్ని గంటలకు కరిచిందో గుర్తుపెట్టుకుని నేరుగా విషానికి మందు ఉన్న ఆసుపత్రికి తీసుకుపోవాలి. నేల మీద పడుకునేవాళ్లకు కట్లపాముతో ప్రమాదం ఎక్కువ. రాత్రిపూట కరుస్తుంది, నొప్పి పెద్దగా ఉండదు, తెల్లారేసరికి కనురెప్పలు వాలిపోతాయి. అందుకని దోమతెర ఇచ్చి పంపండి. దాని అంచులు పరుపు కిందికి దోపుకోవాలి. దోమల కోసం కాదు.

నీళ్లు: బోరు నీళ్లా, మిషన్ భగీరథ నల్లా నీళ్లా అని అడగండి. ‘మరిగించి ఇస్తాం’ అంటే మన జిల్లాలో అది సమాధానం కాదు. మరిగిస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరైనకొద్దీ ఇంకాస్త చిక్కబడుతుంది కూడా. ఫ్లోరైడు తీసేయడానికి నీరి (నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ) తయారుచేసిన పద్ధతికి మన ఊరి పేరే పెట్టారు, నల్లగొండ టెక్నిక్ అని. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి, కలియబెట్టి, తేర్చి, వడగట్టడం. దాన్ని పిల్లలతో ఒక బకెట్టులో చేయించి చూపిస్తే ఎంత బాగుంటుంది! నేను చెప్పాను. ‘సమయం లేదు మేడమ్, మార్చ్ పాస్ట్ ప్రాక్టీసు ఉంది’ అన్నారు.

గైడ్అక్క_దేవరకొండ (ఏప్రిల్ 28, ఉదయం)

నేను గైడ్‌ని, అంటే అమ్మాయిల విభాగం. తృతీయ సోపాన్ వరకు వెళ్లాను, తర్వాత ఇంటర్ వచ్చి ఆగిపోయింది.

పాత్రలు లేని వంట గురించి ఎవరూ రాయలేదు. అది నాకు అన్నిటికంటే ఇష్టం. బంగాళాదుంపకు బంకమట్టి పూసి నిప్పుల్లో పెట్టడం, పిండి ముద్దను పుల్లకు తాడులా చుట్టి కాల్చడం, ఉల్లిపాయ గుల్లలో గుడ్డు పగలగొట్టి ఉడికించడం. మా పెట్రోల్‌లో పాలమూరు అమ్మాయి ఒకతె జొన్న పిండి తెచ్చింది. పలుచటి బండ కాల్చి దానిమీద అరచేతులతో రొట్టె కొట్టింది. పరీక్ష చేయడానికి వచ్చిన మేడమ్ నాలుగు తిన్నారు. మార్కులు ఎన్నో గుర్తులేదు.

పొయ్యి పెట్టేముందు చుట్టూ ఎండుగడ్డి గీకి, పక్కన ఇసుక, నీళ్లు పెట్టుకోకపోతే అగ్గిపుల్ల ఇచ్చేవారు కాదు. మే నెలలో మా వైపు గుట్టలు ఎలా ఉంటాయో తెలుసుగా, నిప్పురవ్వ చాలు.

అమ్మాయిల తల్లులకు ఒక మాట. మరుగుదొడ్లు, స్నానాల గదులు ముందే వెళ్లి చూడండి. మా శిబిరంలో ఒకచోట తలుపుకు గడియ లేదు. మేమే వెదురు కర్రకు లాషింగ్ చేసి అడ్డం పెట్టుకున్నాం. ఆ లాషింగ్‌కు ఎవరూ బ్యాడ్జి ఇవ్వలేదు.

చుక్కలరాయుడు (ఏప్రిల్ 28, రాత్రి)

నాగర్‌కర్నూల్ నుంచి. దిక్కుల గురించి నేను రాయకపోతే నిద్ర పట్టదు.

స్కౌట్ పుస్తకాల్లో గడియారంతో దిక్కు కనుక్కునే ఉపాయం ఒకటి ఉంటుంది. గంటల ముల్లు సూర్యుడి వైపు పెట్టి, దానికీ 12కీ మధ్యగా చూస్తే దక్షిణం అని. అది ఐరోపాలో పనిచేస్తుంది. మే నెలలో నల్లగొండలో పనిచేయదు! మనం 17 డిగ్రీల అక్షాంశం మీద ఉన్నాం. నల్లగొండలో మే 8 ప్రాంతంలో మధ్యాహ్నం 12.10కి సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. నిటారు కర్రకు నీడే ఉండదు. ఆ తర్వాత ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరాన ఉంటాడు, నీడ దక్షిణానికి పడుతుంది. గడియారం నమ్ముకున్న పిల్లవాడు శ్రీశైలం వెళ్లాల్సింది హైదరాబాదు చేరతాడు.

మరేం చేయాలి? పొద్దున్నే కర్ర పాతండి. నీడ కొసన ఒక రాయి. ఇరవై నిమిషాలాగి కొత్త కొసన ఇంకో రాయి. మొదటి రాయి పడమర, రెండోది తూర్పు. ఇది మన దగ్గరా సుమారుగా సరిపోతుంది.

రాత్రికి ధ్రువుడు. మన ఆకాశంలో చాలా కిందికి ఉంటాడు, 17 డిగ్రీలే. చేయి చాచి పిడికిలి బిగిస్తే 10 డిగ్రీలు. అంటే నేల అంచు నుంచి పిడికిలిన్నరకు కొంచెం పైన. ముందర చిన్న గుట్ట ఉన్నా కనబడడు. మే నెల రాత్రి ఎనిమిది, తొమ్మిది మధ్య సప్తర్షులు ఉత్తరాన బాగా పైకి వచ్చి ఉంటారు. తోకకు దూరంగా, గిన్నె అంచున ఉన్న రెండు చుక్కలు పులహుడు, క్రతువు. పులహుడి నుంచి క్రతువు మీదుగా గీత గీస్తే ధ్రువుడి దగ్గరికి పోతుంది. పిల్లలకు వసిష్ఠుడి పక్కన అరుంధతిని చూపించండి. పెళ్లిళ్ల కాలం కదా, ఆ వారమే ఎవరో ఒకరి పెళ్లిలో పురోహితుడు పట్టపగలు చూపించి ఉంటాడు.

మీ శిబిరం 4 నుంచి 10 వరకు. నీడ మాయమయ్యే రోజు మధ్యలోనే పడుతోంది. పైగా నల్లగొండ పక్కనే పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది, గర్భగుడిలో పగలంతా ఒకేచోట నిలిచే నీడతో. బయట నీడ లేని రోజు లోపల కదలని నీడ! హైకు అక్కడికే పెట్టమనండి. పెట్టకపోతే ఆ మాస్టారి మీద నాకు జాలి.

పాతస్కౌట్_పాలమూరు (ఏప్రిల్ 29)

చుక్కలరాయుడు గారూ, గడియారం ఉపాయం పదేళ్లు బోధించాను. ఒక మే నెలలో ఒక పిల్లవాడు ‘సార్, తప్పొస్తోంది’ అంటే సరిగ్గా చూడమని కసిరాను. వాడే సరి.

మా హైకులు పిల్లలమర్రికి ఉండేవి. ఆ మహావృక్షం కొమ్మలకు ఊతంగా స్తంభాలు, ఊడలు నేలకు దిగడానికి గొట్టాలు పెట్టారు. చెదలు పట్టి, 2017 చివర్లో పెద్ద కొమ్మ కూలాక సెలైన్ పెట్టినట్టు మందు ఎక్కించి బతికించుకున్నారు. చెట్టుకు ప్రథమ చికిత్స అని పిల్లలకు అక్కడే చెప్పవచ్చు.

బత్తాయితోట (మే 1)

అందరూ ఇంత ఓపికగా రాసినందుకు చాలా సంతోషం. బడికి వెళ్లి మాట్లాడాను. తాడు పిల్లలే కడతారట. నీళ్లు నల్లావే. గాటు, బిగింపు సంగతి అడిగితే మాస్టారు కొంచెం నసిగి ‘పుస్తకం పాతది మేడమ్’ అన్నారు. సిస్టర్ గారి పోస్టు ప్రింటు తీసి ఇచ్చాను. పానగల్లు హైకు ఇదివరకే అనుకున్నారట. నీడ లేని రోజు సంగతి ఆయనకు తెలియదు. సంతకం పెట్టాను. దోమతెర, టార్చి, తొమ్మిది అడుగుల తాడు, కంచం, గ్లాసు కొన్నాను.

లెక్కకులెక్క (మే 1)

కంచం మీద పేరు చెక్కించండి. లేకపోతే వేరేవాళ్ల కంచంతో వస్తాడు.

బత్తాయితోట (మే 13)

వచ్చాడు. వేరేవాళ్ల కంచంతోనే వచ్చాడు.

జరిగింది జరిగినట్టు రాస్తాను. మూడో రోజు సాయంత్రం గాలివాన వచ్చి రెండు డేరాలు లేచిపోయాయి. ఒకటి వీళ్లదే. రాత్రి బడి వరండాలో పడుకున్నారు. నాకు ఫోను చేయలేదు. ముందే తెలిస్తే వెళ్లి తీసుకొచ్చేదాన్నేమో. మర్నాడు మేకులు వాలుగా కొట్టడం, తాడు బిగించడం మళ్లీ నేర్చుకున్నారట. ఉప్మా రెండుసార్లు మాడింది. నీళ్ల పని ఎగ్గొట్టినందుకు పెట్రోల్ లీడరుతో గొడవ పడ్డాడు. ఆ లీడరు వీడికంటే ఒక్క ఏడాది పెద్ద. ‘వాడి మాట నేనెందుకు వినాలి’ అని ఇంకా గునుస్తున్నాడు. పది ముడుల్లో నాలుగు గుర్తున్నాయి.

8వ తేదీన కర్ర నీడ మాయమైంది, కానీ సరిగ్గా ఆ నిమిషానికి మబ్బు అడ్డమొచ్చి అందరూ గోలపెట్టారట. మబ్బు తొలిగాక చూస్తే కర్ర మొదట్లో వేలెడు కూడా లేదు. ధ్రువుడు కనబడలేదు. మైదానంలో పెద్ద లైటు ఆపమంటే కాపలాదారు ఒప్పుకోలేదు.

నిన్న డాబా మీద ఇనుప గుంజకు బట్టల తీగకు బదులు తాడు కట్టాడు, క్లోవ్ హిచ్‌తో. తడి దుప్పటి వేయగానే జర్రున జారి కిందికి వచ్చింది. మా మామగారు చూసి ఏమీ అనకుండా విప్పి, గుంజ చుట్టూ మూడు చుట్లు తిప్పి, తాడు మీదే రెండు మెలికలు వేసి ఏదో కట్టారు. దుప్పటి కదల్లేదు. ‘తాతా, దీని పేరేమిటి?’ అని పొద్దున్నుంచి వెంటపడుతున్నాడు. ఆయన ‘పేరేముంటుందిరా, ముడి’ అంటున్నారు. వీడేమో నోటుబుక్కులో పేరు లేకుండా రాసుకోలేడట.

పాతస్కౌట్_పాలమూరు (మే 13)

నున్నటి ఇనుప గుంజ మీద క్లోవ్ హిచ్ జారుతుందమ్మా, వాడి తప్పు కాదు. తాతగారిది వినడానికి రౌండ్ టర్న్, రెండు హాఫ్ హిచ్‌లలాగే ఉంది. మూడో చుట్టు మాత్రం పుస్తకంలో లేదు.

మోకుముస్తాదు (మే 13)

నాన్నకు చదివి వినిపించాను. మూడో చుట్టు మొదటి రెండిటి మీదుగా వెళ్లిందా, పక్కనుంచి వెళ్లిందా అని అడుగుతున్నాడు. ఫొటో పెట్టండి అక్కా. గుంజ వెనకవైపు కూడా కనిపించాలి.